కొలత సరే, చెక్క ఏమంటోంది?

తీరిక వేళల్లో సొంత చేతులతో అకూస్టిక్ గిటార్ చేసుకుంటున్నవాళ్ల ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాను. ఎక్కువమంది పై పలక గురించే అడిగారు. అందుకు నిజంగా సంతోషంగా ఉంది, ఎందుకంటే గిటార్‌లో పలికేది ముందు అదే. మొదటి జవాబు పెద్దదైపోయింది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నాకు వడ్రంగం పని కొద్దోగొప్పో వచ్చు. స్టీలు తీగల గిటార్ మొదలుపెట్టాను. ప్లానులో పై పలక మందం 2.8 మి.మీ. అని ఉంది. నా సిట్కా స్ప్రూస్ (దేవదారు లాంటి సూదిమొన ఆకుల చెట్టు చెక్క) పలకను చిత్రిక పట్టి సరిగ్గా 2.8కి తెచ్చాను. గిటార్లు చేసే ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని వంచి చూసి, ‘ఇంకా బిరుసుగా ఉంది, ఇంకొంచెం తియ్యి’ అన్నారు. ప్లానును నమ్మాలా, ఆయన్ని నమ్మాలా?

ఆయన్నే నమ్మండి. ప్లాను గీసినవారి దగ్గరున్న పలక వేరు, మీ దగ్గరున్నది వేరు. ఒకే దుంగలోంచి కోసిన రెండు పలకలు కూడా ఒక్కలా వంగవు. 2.8 అన్నది వాళ్ల పలకకు కుదిరిన అంకె. అక్కడిదాకా ధైర్యంగా తియ్యొచ్చు. అక్కణ్ణుంచి మాత్రం మందం కొలిచే కాలిపర్‌తో పాటు మీ చేతుల్ని కూడా అడగాలి.

ఎందుకో చెబుతాను. 12 నుంచి 53 దాకా (తీగ మందం, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన) ఉండే మామూలు స్టీలు తీగల సెట్టును శ్రుతి చేశాక ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా బలంతో లాగుతాయి. నైలాన్ తీగలైతే సుమారు 40 కిలోలు. ఈ లాగుడంతా బ్రిడ్జిని (పై పలక మీద తీగల కొసలు కట్టే చెక్కముక్క) పట్టుకుని పై పలకను మెలిపెడుతూ ఉంటుంది, పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి. దానికి పలక కుంగిపోకూడదు. అదే పలక, వేలికొసతో తీగను సుతారంగా మీటినా కదలాలి. బలం కోసం మందంగా ఉంచితే గిటార్ మూగబోతుంది. మోత కోసం పల్చన చేస్తే నాలుగేళ్లలో బ్రిడ్జి వెనక పొట్ట లేస్తుంది. ఈ పని నన్ను ఇన్నేళ్లుగా వదలకుండా పట్టుకున్నది ఈ పేచీ వల్లే.

ఇందులో ఒక లెక్క తప్పనిసరిగా తెలిసి ఉండాలి. పలక బిరుసు దాని మందంతో సమానంగా తగ్గదు, మందం ఘనాన్ని బట్టి తగ్గుతుంది. 3 మి.మీ. పలకను 2.7కి తెచ్చారనుకోండి, బరువు పదోవంతే తగ్గుతుంది, బిరుసు మాత్రం 27 శాతం పోతుంది. అంటే చివర్లో తీసే కొద్దిపాటి పొట్టు కూడా బిరుసులో పెద్ద మార్పు తెస్తుంది. అందుకే 3 మి.మీ. దగ్గరికి రాగానే నేను చిత్రిక పక్కన పెట్టి, సన్నగా గీకే ఉక్కు రేకు స్క్రేపర్ తీసుకుంటాను.

ఇక చేత్తో చూడటం ఎలాగంటారా? పలకను రెండు కొసలా పట్టుకుని బొటనవేళ్లతో నడుమ నొక్కుతూ పొడవునా వంచండి. పోగు (చెక్కలోని నార) వెంట స్ప్రూస్ చాలా బిరుసు, పెద్దగా వంగదు. ఇప్పుడు పలకను తిప్పి అడ్డంగా వంచండి. మీరు కనిపెట్టాల్సింది ఇక్కడే. మందంగా ఉన్నప్పుడు అడ్డంగా కూడా అట్టలా మొండికేస్తుంది. తీస్తూ పోతుంటే ఒక దశలో చేతికి లొంగడం మొదలవుతుంది. వదలగానే మళ్లీ టక్కున నిటారుగా రావాలి. వంచితే వంగి, తిరిగి రావడానికి బద్ధకిస్తోందంటే హద్దు దాటుతున్నారని అర్థం. ఒక మూల నుంచి ఎదుటి మూలకు మెలితిప్పి కూడా చూడండి.

తర్వాత వినండి. అంచు నుంచి పొడవులో పావు వంతు లోపల, రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని వేలాడదీయండి. చెవి దగ్గర పెట్టుకుని మధ్యలో వేలి కణుపుతో తట్టండి. పట్టుకునే చోటు అటూ ఇటూ జరుపుతుంటే ఒక చోట మోత బాగా తెరుచుకుంటుంది. ఆ స్వరంలో పలక కదలకుండా నిలిచే చోటు అది, అక్కడే పట్టుకోవాలి. పలక పల్చబడే కొద్దీ స్వరం కిందికి దిగుతుంది. నేను చూసేది స్వరం ఏమిటన్నది కాదు, మోత ఎంతసేపు నిలిచిందన్నది. తట్టగానే చచ్చిపోయే పలకను ఎంత తీసినా లాభం లేదు. దాన్ని బద్దలకో (పలక లోపలివైపు బలానికి అతికించే సన్నటి కర్రలు), మరో పనికో వాడుకోవడం మేలు.

చేతికి ఇంకా అలవాటు కానివాళ్లు అంకెల్నే సాయం తెచ్చుకోవచ్చు. పలకను రెండు కర్రముక్కల మీద ఆనించి, నడుమ కిలో బరువు పెట్టి, ఎంత కిందికి దిగిందో కొలవండి. పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి. పలక బరువు, మందం, ఈ దిగుడు కొలతలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. గిటార్ పూర్తయ్యాక అది ఎలా పలికిందో అదే పేజీలో రాయండి. రెండో గిటార్‌కు ఏ ప్లానూ ఇవ్వని సమాచారం మీకు ఆ పేజీలో దొరుకుతుంది.

బద్దల సంగతీ ఇంతే. మీ ప్లానులో ఉన్న ఎక్స్ ఆకారపు బద్దల అమరిక 1840ల్లో మార్టిన్ గిటార్లలో కనిపించింది. అప్పటికి వాడుకలో ఉన్నవి పేగు తీగలు. తర్వాత స్టీలు తీగలు వచ్చినా ఆ ఎక్స్ నిలబడింది, ఇప్పటికీ స్టీలు తీగల గిటార్లలో ఎక్కువ భాగం దానిమీదే ఆధారపడుతున్నాయి. బద్ద బిరుసు కూడా ఎత్తు ఘనాన్ని బట్టే ఉంటుంది, వెడల్పుతో మాత్రం సమానంగా మారుతుంది. 12 మి.మీ. ఎత్తున్న బద్దను 10కి దించితే బిరుసులో 40 శాతానికి పైగా పోగొట్టుకున్నట్టే. బరువు తగ్గించాలనిపిస్తే ముందు పక్కల నుంచి చెక్కి, పైభాగం సన్నటి దూలంలా వచ్చేట్టు చేయండి. ఎత్తు జోలికి చివర్లో వెళ్లండి. రెండు బద్దలూ దాటుకునే కూడలిని అసలు ముట్టుకోకండి.

బద్దలకు ముక్కను రంపంతో కొయ్యడం కాదు, ఉలి పెట్టి పోగు వెంట చీల్చండి. చీలిక ఎటు పోతే పోగు అటు ఉన్నట్టు. పోగు బద్ద చివరిదాకా తెగకుండా నడిస్తేనే సన్నటి ముక్క అంత బలం మోస్తుంది.

ప్రశ్న: మొదటి గిటార్‌కే ఖరీదైన రోజ్‌వుడ్ కొనమంటున్నారు. వెనక పలక, పక్క పలకలు ఏ చెక్కతో చేశామన్నదాన్ని బట్టే నాదం ఉంటుందంటున్నారు. నిజమేనా?

తేడా ఉంటుంది, కానీ మీకు చెబుతున్నంత ఉండదు. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో దె తోర్రెస్ అనే మహానుభావుడు ఒక గిటార్ చేశాడు. పై పలక మామూలు చెక్కే. వెనకా పక్కలా మాత్రం కాగితపు అట్ట! నాదాన్ని నడిపేది పై పలకే అని చూపించడానికి చేశాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మన కాలంలో 1995లో బాబ్ టేలర్, సరుకులు మోసే ప్యాలెట్ తాలూకు ఓక్ చెక్కతో వెనకా పక్కలూ కట్టి గిటార్ చేసి చూపించాడు.

రోజ్‌వుడ్ అంటే నాకూ ఇష్టమే. దాని మోత దీర్ఘంగా ఉంటుంది, వేడికి చక్కగా వంగుతుంది. కానీ మొదటి గిటార్‌కు మహోగని తీసుకోండి. తేలిగ్గా చిత్రిక పడుతుంది, జిగురు బాగా పడుతుంది, తేమ మారినా పెద్దగా అల్లరి చెయ్యదు. మిగిలిన డబ్బుతో నిలువు కోత కోసిన మంచి స్ప్రూస్ పలక కొనుక్కోండి. అడ్డకొసన చూస్తే వార్షిక వలయాల గీతలు పలక ముఖానికి నిటారుగా నిలబడి ఉండాలి.

బ్రెజిల్ రోజ్‌వుడ్ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే దూరంగా ఉండండి. 1992 నుంచి అది, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ అంతర్జాతీయ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. కాగితాలు లేని ముక్కతో చేసిన గిటార్‌ను సరిహద్దు దాటించలేరు. ఆ సంగతి అలా ఉంచినా, అలా నరికిన చెట్టుతో చేసిన వాయిద్యం ఒళ్లో పెట్టుకుని వాయించడానికి నాకైతే మనసొప్పదు.

ప్రశ్న: పక్క పలకలు వేడి గొట్టం మీద వంచుతుంటే నడుము వంపు దగ్గర ప్రతిసారీ చిట్లిపోతున్నాయి. గంటసేపు నీళ్లలో నానబెట్టే వంచుతున్నాను.

మూడు సంగతులు చూసుకోండి. మొదటిది మందం. 2 మి.మీ.కు మించి ఉంటే నడుము దగ్గర వంచడం కష్టం. చారల మేపుల్ లాంటి మొండి చెక్కయితే 1.8కి తీసుకురండి. అంచు నుంచి అంచుకు ఒకే మందం ఉందో లేదో చూడండి, పల్చటి చోటే మొదట విరుగుతుంది.

రెండోది వేడి. గొట్టం మీద నీటిచుక్క వేస్తే చుయ్‌మని ఆ క్షణమే ఎగిరిపోవాలి. చుక్క కాసేపు కూర్చుని మరుగుతోందంటే గొట్టం ఇంకా కాలలేదు. పోగును పట్టి ఉంచే లిగ్నిన్ వేడికే మెత్తబడుతుంది, నీటికి కాదు. నీళ్ల పని ఆవిరై వేడిని లోపలికి తీసుకుపోవడం, పైభాగం మాడకుండా చూడటం. అందుకే గంటసేపు నానబెట్టక్కర్లేదు. నానిన చారల మేపుల్ అయితే అలలు అలలుగా లేచి ఇంకా చికాకు పెడుతుంది. తడిగుడ్డతో తుడిచి, మధ్యమధ్యలో నీళ్లు చిలకరిస్తే చాలు.

మూడోది మీ చేతులు. చిట్లిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. మనం వంచుతాం, చెక్క ఇంకా సిద్ధంగా ఉండదు. గొట్టానికి ఆనించి రెండు పక్కలా సమానంగా, తేలికపాటి ఒత్తిడి మాత్రమే ఉంచండి. అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ ఉండండి. కాసేపటికి అరచేతుల కింద చెక్క ఒక్కసారిగా పట్టు వదులుతుంది. అది మాటల్లో చెప్పలేనుగానీ ఒకసారి తెలిస్తే ఇక మరిచిపోరు. అప్పుడు వంచడం మీ పని కాదు, దాని వెంట వెళ్లడమే మీ పని. నడుముతో మొదలుపెట్టి, తర్వాత కింది పెద్ద వంపు, చివర పై వంపు చెయ్యండి. బయటివైపు పల్చటి స్టీలు పట్టీ ఆనించి వంచితే పోగులు పైకి లేవవు. వంచిన వెంటనే అచ్చులో బిగించి రాత్రంతా వదిలేయండి.

ప్రశ్న: ఏ జిగురు వాడాలి? ఎపాక్సీ అన్నిటికంటే గట్టిదని విన్నాను.

గట్టిదే. ఊడదీయాలన్నా అంతే గట్టిది! గిటార్ ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతుకు వస్తుంది. బ్రిడ్జి లేపాలి, మెడ విప్పాలి. వేడికి లొంగే జిగురే వాయిద్యానికి మంచిది. పసుపు రంగు వడ్రంగి జిగురు మొదటి గిటార్‌కు చక్కగా సరిపోతుంది. నీళ్లకు చెక్కుచెదరదని అమ్మే రకం తీసుకోకండి. తెల్ల జిగురు నిరంతరం లాగుడు ఉన్నచోట నెమ్మదిగా జారిపోతుంది, దాన్ని బ్రిడ్జి దగ్గరికి రానివ్వకండి. చెయ్యి తిరిగాక 60 డిగ్రీల దగ్గర వేడిచేసి వాడే తోలు జిగురు నేర్చుకోండి. ఎండాక గాజులా బిరుసుగా అవుతుంది, నాకు బద్దలకు అదే ఇష్టం. ఒక హెచ్చరిక: ఎండలో మూసిన కారులో గిటార్ వదిలేస్తే ఈ జిగుళ్లలో ఏదీ దాన్ని కాపాడదు.

ప్రశ్న: గిటార్ పూర్తయింది. వట్టి తీగలు శ్రుతిలో ఉన్నాయి, పైకి వెళ్లేకొద్దీ అపశ్రుతి. ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు) స్థానాలు నేనే లెక్కేశాను: తీగ పొడవు 650 మి.మీ.ను 18తో భాగించి మొదటి ఫ్రెట్, మిగిలినదాన్ని మళ్లీ 18తో భాగించి రెండోది, అలా.

పద్ధతి సరైనదే, భాగించే అంకె పాతకాలందీ. 18కి బదులు 17.817తో భాగించాలి. చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ పన్నెండుసార్లు పేరుకుంటుంది. 650 మి.మీ. తీగకు 12వ ఫ్రెట్ సరిగ్గా సగంలో, 325 దగ్గర రావాలి. మీ లెక్కలో అది 322.6 దగ్గర పడుతుంది. 2 మి.మీ.కు పైగా వెనకబడ్డట్టే. సరైన లెక్కలో మొదటి ఫ్రెట్ 36.48 దగ్గర, రెండోది 70.92 దగ్గర వస్తాయి. ఒక్కో ఫ్రెట్ దూరాన్ని పక్క ఫ్రెట్ నుంచి కొలవకండి, అన్నిటినీ నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచే కొలవండి. అప్పుడు ఒక చోట వచ్చిన తేడా మిగతావాటికి అంటదు.

మరొకటి కూడా చూడండి. తీగను నొక్కినప్పుడు అది సాగి శ్రుతి కొంచెం పైకి పోతుంది. దాన్ని సర్దడానికి స్టీలు తీగల గిటార్‌లో శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) వెనక్కి జరుపుతారు: మొదటి తీగ వైపు సుమారు 2 మి.మీ., ఆరో తీగ వైపు 4 నుంచి 5. అందుకే అది ఏటవాలుగా ఉంటుంది. మీ శాడిల్ లెక్కప్రకారం కచ్చితంగా 650 దగ్గరే ఉంటే అదీ సరిచెయ్యాల్సిందే. ఫ్రెట్లు దిగే ఫింగర్‌బోర్డును మాత్రం మార్చక తప్పదు. వేడిచేసి ఊడదీసి, గాళ్లు కోసి ఉన్నది కొని అతికించండి. అందులో నామోషీ ఏమీ లేదు, ఫ్రెట్ల గాళ్లు చేత్తో కోసుకునే ఎంతోమంది కూడా మొదటిది కొనుక్కున్నదే.

ప్రశ్న: నాలుగు నెలల కిందట పూర్తిచేసిన గిటార్ వెనక పలక పోగు వెంట బీటలిచ్చింది. ఎక్కడా దెబ్బ తగల్లేదు.

వానల్లో అతికించి ఉంటారు, పొడిరోజుల్లో పగిలి ఉంటుంది. గాలిలో తేమను బట్టి చెక్క పోగుకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పొడవునా దాదాపు మారదు. 400 మి.మీ. వెడల్పున్న స్ప్రూస్ పలక, గాలి తేమ 70 శాతం నుంచి 40కి పడితే సుమారు 3 మి.మీ. తగ్గాలని చూస్తుంది. మీ వెనక పలక స్ప్రూస్ కాకపోయినా కథ అదే. అడ్డంగా అతికించిన బద్దలు తగ్గవు, పలక తగ్గాలంటుంది. లాగి లాగి ఎక్కడో ఒకచోట తెగుతుంది.

బద్దలు అతికించే రోజున గదిలో తేమ 45 శాతం దగ్గర ఉండాలి. పలకలూ బద్దలూ అంతకు ముందు రెండు వారాలైనా ఆ గాలిలోనే ఉండాలి. వానాకాలమైతే ఆ పని ఆపి, మెడ చెక్కుకోండి. తేమ చూపే మీటర్లు చాలా అబద్ధాలాడతాయి. ఒక డబ్బాలో ఉప్పును కొద్దిగా నీళ్లతో ముద్దలా తడిపి, మీటరును ఉప్పు తగలకుండా అందులో పెట్టి గాలి చొరకుండా మూసి, రాత్రంతా ఉంచండి. 75 శాతం చూపాలి. ఎంత తేడా చూపితే అంత కలుపుకునో, తీసేసుకునో వాడుకోండి.

ఇప్పటి బీటకు: తడి స్పాంజి ఉన్న చిన్న డబ్బాకు చిల్లులు పెట్టి, గిటార్ లోపల కొన్ని రోజులు ఉంచండి. బీట దానంతటదే మూసుకుంటుంది. అప్పుడు జిగురు నింపి, లోపలివైపు పోగుకు అడ్డంగా చిన్న స్ప్రూస్ బిళ్లలు అతికించండి. బీట తెరుచుకుని ఉండగా ఏ పొడీ కూరకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. నాతో పాటు చేస్తానంటోంది. పర్వాలేదా?

తప్పకుండా రానివ్వండమ్మా. తట్టి వినడంలో ఆ వయసు చెవి మనకంటే చురుగ్గా ఉంటుంది. స్క్రేపరూ చిన్న చిత్రికా ఆమెకివ్వండి, మొదట్లో ఉలి మీ దగ్గర ఉంచుకోండి. పొడి విషయంలో మాత్రం ఇద్దరూ మొహమాటపడకండి. గట్టిచెక్కల పొడి క్యాన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం నిర్ధారించింది. రోజ్‌వుడ్ జాతుల పొడి చాలామందికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది. సాండ్ పేపర్ పట్టేటప్పుడు మంచి మాస్కు, వాక్యూమ్ ఉండాల్సిందే. చిత్రికతో అయ్యే పనికి సాండ్ పేపర్ వాడకపోవడం అన్నిటికంటే మంచిది. పొట్టు కింద పడుతుంది, పొడి గాల్లో తిరుగుతుంది.

ప్రశ్న: పాలిష్ వేసి తీగలు కట్టాలా, తీగలు కట్టి చూసి పాలిష్ వెయ్యాలా?

తీగలు ముందు. మెడ కోణం సరిపోయిందో లేదో అప్పుడే తెలుస్తుంది. తీగలు లేకుండా ఉక్కు స్కేలు ఫ్రెట్ల మీద పెడితే దాని కొస బ్రిడ్జి పైభాగాన్ని తాకీతాకనట్టు ఉండాలి. బాగా కిందికి వస్తే మెడ విప్పి కీలు చెక్కాలి, పాలిష్ అయ్యాక ఆ పని చెయ్యబుద్ధి కాదు.

మెడ సరిపోయిందా, తీగలు బిగించి రెండు వారాలు వాయించండి. మొదటి రోజు మోత చూసి కంగారుపడకండి, కొత్త గిటార్ బిగుసుకుని ఉంటుంది, రోజురోజుకూ తెరుచుకుంటుంది. రెండు వారాలయ్యాక కూడా కింది తీగలు పీలగా ఉంటే, తీగలు వదులు చేసి సౌండ్ హోల్‌లోంచి చెయ్యి పెట్టి, కింది వంపు వైపున్న బద్దల కొసల్ని సాండ్ పేపర్‌తో కొద్దికొద్దిగా రుద్దండి. మళ్లీ తీగలు బిగించి వినండి. బ్రిడ్జి వెనక స్కేలు నిలబెట్టి, పొట్ట ఎంత లేచిందో రోజూ చూసుకోండి. పెరుగుతోందంటే ఆపేయండి.

తర్వాతే పాలిష్. ఇంట్లో చేసుకునేవాళ్లకు నేను లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ చెబుతాను. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దడం, అంతే. పొర చాలా పల్చగా ఉంటుంది, పలక బరువు పెరగదు, గీత పడితే మళ్లీ రుద్దితే కలిసిపోతుంది. పై పలకకు నూనె మాత్రం పట్టించకండి. స్ప్రూస్ తాగేస్తుంది, ఇన్నాళ్లూ గ్రాములు లెక్కపెట్టి తీసిన బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుంది.